రెండు లక్షల డాలర్లంటే నెలకెంత?

ఏడాదికి 2,00,000 డాలర్ల జీతమని 2024 చివర్లో ఇంటికి ఫోన్ చేసి చెబితే, అవతలివాళ్ళు ముందుగా దాన్ని 85తో గుణించేవారు. కోటీ డెబ్బై లక్షలు! గుణకారంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ డబ్బు ఖర్చయ్యేది ఖమ్మంలో కాదు, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లోనో టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో. పైగా చేతికొచ్చేది ఆ అంకె కానే కాదు.

కాలిఫోర్నియాలో ఒక కుటుంబం అనుకుందాం. ఇద్దరిలో ఒకరిదే ఉద్యోగం, రెండోవారు హెచ్4 (జీవిత భాగస్వామి వీసా) మీద ఉన్నారు. 2024 సంవత్సరం లెక్క వేద్దాం. 401కె రిటైర్మెంట్ ఖాతాలో ఆ ఏటి పరిమితి 23,000 నిండా వేశారు. దంపతుల స్టాండర్డ్ డిడక్షన్ 29,200. ఇవి రెండూ తీసేస్తే ఫెడరల్ పన్ను పడేది 1,47,800 మీద. పన్ను సుమారు 22,600. (పెళ్ళికాని వాళ్ళకు ఇదే జీతం మీద 32,000 పడుతుంది.) సోషల్ సెక్యూరిటీ 10,453, మెడికేర్ 2,900, స్టేట్ టాక్స్ సుమారు 8,200. స్టేట్ డిజెబిలిటీ ఇన్సూరెన్స్ అని పే స్టబ్‌లో ఇంకో పద్దు ఉంటుంది. ఇంత జీతం దాటితే పట్టుకోకూడదన్న హద్దును 2024 నుంచి ఎత్తేశారు కాబట్టి దానికింద 2,200 పోతుంది. చివరికి మిగిలేది ఏడాదికి 1,30,600, నెలకు 10,900 దాకా. పిల్లలుంటే టాక్స్ క్రెడిట్ కొంత కలిసొస్తుంది, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం కొంత పట్టుకుపోతుంది.

మన పార్టీల్లో ప్లేట్లు చేతికి రాగానే మొదలయ్యే వాదన ఒకటుంది: టెక్సస్‌లో స్టేట్ టాక్స్ లేదు, అక్కడికి వెళ్ళిపోతే హాయి అని. లెక్క వేస్తే ఈ కుటుంబానికి స్టేట్ టాక్స్, డిజెబిలిటీ ఇన్సూరెన్స్ కలిపి మిగిలేది ఏడాదికి 10,400, నెలకు 870 డాలర్లు. డల్లాస్ శివార్లలో 6,00,000 పెట్టి ఇల్లు కొంటే ప్రాపర్టీ టాక్స్ రెండు శాతం అటూ ఇటూగా ఉంటుంది. అంటే మిగిలిందనుకున్న పది వేలూ కౌంటీకి కట్టేసినట్టే. హ్యూస్టన్ వైపు కేటీ లాంటి చోట్ల దీనికి తోడు మడ్ (మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) టాక్స్. వడగళ్ళ దెబ్బలకు ఇంటి ఇన్సూరెన్స్ ఏడాదికేడాది పెరుగుతుంది.

అయితే టెక్సస్ వెళ్ళినవాళ్ళు తెలివితక్కువవాళ్ళా? కానే కాదు. వాళ్ళకు కలిసొచ్చేది పన్నులో కాదు, ఇంటి ధరలో. ఫ్రిస్కోలో ఆరు లక్షలకు వచ్చేలాంటి ఇంటికి ఫ్రీమాంట్‌లో పదిహేను లక్షలు దాటుతుంది. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రపోజిషన్ 13 పుణ్యమా అని పన్ను రేటు ఒక శాతం చుట్టుపక్కలే ఉంటుంది, పన్ను కట్టే విలువ ఏడాదికి రెండు శాతం మించి పెరగదు. కానీ ఆ రేటు పడేది మీరు కొన్న ధర మీద. ఇరవై ఏళ్ళ క్రితం కొన్న పక్కింటాయన కట్టేదానికంటే మీరు బాగా ఎక్కువ కట్టినా ఆశ్చర్యం లేదు. జీతం ఒకటే అయినా ఎప్పుడు కొన్నారన్నదే ఇద్దరి బతుకుల్నీ వేరు చేస్తుంది. నా మటుకు నేను, ఎవరైనా ఆఫర్ లెటర్ చూపించి సలహా అడిగితే స్టేట్ టాక్స్ ఊసెత్తను. ఇల్లెక్కడ, పిల్లలెంతమంది అని అడుగుతాను.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళితే పిల్లల ఖర్చులో డేకేరే అసలు బరువు. హెచ్4 మీద పనిచేసే వీలు 2015లో వచ్చింది, అదీ గ్రీన్‌కార్డు దారిలో ఐ140 ఆమోదం దాకా వెళ్ళినవాళ్ళ జీవిత భాగస్వాములకు. మన కుటుంబంలో రెండో మనిషికి అలా 80,000 డాలర్ల ఉద్యోగం వచ్చిందనుకోండి. ఆ డబ్బు మొదటి జీతం మీద పేరుస్తారు కాబట్టి కింది స్లాబులు అప్పటికే నిండిపోయి ఉంటాయి. మొదటి డాలరు నుంచే ఫెడరల్ 22 శాతం, స్టేట్ 9.3, సోషల్ సెక్యూరిటీ మెడికేర్ కలిపి 7.65. అన్నీ పోను మిగిలేది 47,000 దాకా. బే ఏరియాలో పసిపిల్లల డేకేర్ ఒక్కొక్కరికి నెలకు 2,000 దాటడం మామూలే. ఇద్దరు పిల్లలుంటే ఆ ఉద్యోగం జీతం డేకేర్‌కు సరిపోతుంది, అంతే. అలాగని ఉద్యోగం దండగ అనలేం. మధ్యలో ఐదేళ్ళు ఆపేసినవాళ్ళకు మళ్ళీ దొరకడం ఎంత కష్టమో మనవాళ్ళకు తెలిసిందే. పైగా సోషల్ సెక్యూరిటీ పింఛను రావాలంటే ఎవరికి వాళ్ళు 40 క్రెడిట్లు, అంటే పదేళ్ళ పని, కూడబెట్టుకోవడం మంచిది. ఇండియాకూ అమెరికాకూ మధ్య ఈ విషయంలో ఒప్పందం లేదు, అక్కడి పీఎఫ్ ఏళ్ళు ఇక్కడ కలవవు.

కొత్తగా వచ్చినవాళ్ళను కంగారుపెట్టేది పే చెక్కు పెరుగుతూ తగ్గుతూ ఉండడం. ఓపీటీలో (చదువుకు అనుబంధంగా ఇచ్చే పని అనుమతిలో) ఉన్న విద్యార్థికి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో మామూలుగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పట్టుకోరు. హెచ్1బి రాగానే ఆ 7.65 శాతం మొదలవుతుంది, వీసా వచ్చిన సంబరంలో చెక్కు చిన్నదవుతుంది. పెద్ద జీతాలవాళ్ళకు ఇంకో తమాషా. 2024లో సోషల్ సెక్యూరిటీ 1,68,600 దాకానే పట్టుకున్నారు. రెండు లక్షల జీతగాడికి ఆ ఏడాది అక్టోబరు చివర్లోనో నవంబరులోనో ఆ హద్దు దాటింది, ఒక్కో చెక్కు 470 డాలర్లకు పైగా లావెక్కింది. దాన్ని నమ్ముకుని కారు వాయిదా మొదలుపెడితే జనవరిలో చెక్కు మళ్ళీ పాత సైజుకొస్తుంది.

కంపెనీలు జీతంతోపాటు షేర్లుగా ఇచ్చే ఆర్‌ఎస్‌యూలది మరీ మోసం. షేర్లు వెస్ట్ అయిన (మన సొంతమైన) రోజు ధర మొత్తం జీతం కిందే లెక్క. కానీ ఏడాదికి పది లక్షల డాలర్ల లోపైతే చాలా కంపెనీలు ఫెడరల్ పన్ను 22 శాతమే కోస్తాయి. ఇద్దరి సంపాదనా కలిసి 32 శాతం స్లాబులో ఉంటే ప్రతి లక్షకూ పది వేలు ఏప్రిల్‌లో చేతినుంచి కట్టాలి. ఈలోగా షేరు పడిపోయినా పన్ను పాత ధర మీదే. వెస్ట్ అయిన రోజే కొన్ని షేర్లు అమ్మి ఆ తేడా పక్కన పెట్టడం నాకు తెలిసినంతలో సుఖం.

మిగిలింది ఇండియాకు పంపే డబ్బు. ఎన్నార్‌ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదని బ్యాంకువాళ్ళు చెప్పేది నిజమే. అమెరికాలో మాత్రం ఉంది. ఏడు శాతం వడ్డీలో ఫెడరల్ 24, కాలిఫోర్నియా 9.3 పోతే మిగిలేది 4.7 దాకా. ఆ పైన రూపాయి సంగతి చూసుకోవాలి: 2010లో డాలరుకు 45 దగ్గర ఉన్నది 2024 చివరికి 85కు చేరింది. అమ్మానాన్నల అవసరాలకు పంపండి, ఊళ్ళో ఇంటికి పంపండి. వడ్డీ ఆశతో పంపేముందు మాత్రం ఈ లెక్క ఒకసారి వేసుకోండి. మీ పేరున, జాయింట్‌గా ఉన్నవి సహా, అక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) వేయాలి. అది టాక్స్ రిటర్న్‌తో కలిసి వెళ్ళదు, విడిగా ఆన్‌లైన్‌లో వేయాలి. గడువు ఏప్రిల్ 15. తప్పితే అడగకుండానే అక్టోబరు 15 దాకా ఇస్తారు.