పాత దెయ్యం... కొత్త వెలుగు!

1931నాటి నలుపు-తెలుపు 'ఫ్రాంకెన్‌స్టైన్' 2021లో 4కె డిస్కుగా వచ్చింది. ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల పిక్సెళ్లు! తాతలనాటి దెయ్యాలకి ఇంత హంగు అవసరమా?

అసలు నెగెటివ్ ఉంటే, అవసరమే. అందులో డీవీడీ చూపలేని వివరాలెన్నో ఉంటాయి. 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్'(1968)నే తీసుకోండి. టైటిల్‌తోపాటు కాపీరైట్ గుర్తు వేయకపోవడంతో ఎవరికి వారు మసక కాపీలు అమ్ముకున్నారు. 2016లో అసలు నెగెటివ్ నుంచి పునరుద్ధరించాకే ఆ చీకట్లోని ముఖాలు తేటపడ్డాయి.

'నోస్ఫెరాటు'(1922)కి ఆ అదృష్టం లేదు. 'డ్రాక్యులా' నవలని అనుమతి లేకుండా వాడుకున్నారని కాపీలన్నీ నాశనం చేయమంది జర్మనీ కోర్టు. నెగెటివ్ పోయింది, అక్కడక్కడా ప్రింట్లే మిగిలాయి. వాటిలో లేని వివరాన్ని 4కె కూడా తేలేదు.

అందుకే, కొనేముందు అట్టమీది అంకెని కాదు... దేన్నుంచి స్కాన్ చేశారో చూడండి!