పుచ్చపండు: నివేదన, వితరణ, వంట

వైశాఖమాసమున ఉదకదానము, ఫలదానము విశేషపుణ్యప్రదములని పెద్దలు చెప్పుదురు. అందుచే ఎండలు ముదిరిన నాటి నుండి దాతలు పుచ్చపండ్లను తెచ్చి యాత్రికులకు పంచుట పెక్కు క్షేత్రములలో కానవచ్చును. ఎండలో నడచి వచ్చిన వానికి ఇంతకు మించిన ఉపచారము లేదు. అయితే తెలిసి చేసిన దానము ప్రాణమును సేద తీర్చును. తెలియక చేసినది ఒక్కొక్కప్పుడు వ్యాధిహేతువు కూడ కావచ్చును. కావున ఈ పండును గూర్చి నాలుగు మాటలు.

సంస్కృతమున దీనికి కాలిందమని పేరు. 16వ శతాబ్దమునకు చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశమున దీని గుణములను చెప్పుచు, ఇది జీర్ణమగుటకు గురువైనదని తెలిపెను. దీని జన్మభూమి ఆఫ్రికా ఖండము. ఈజిప్టున టుటంఖామున్ అను రాజు సమాధిలో దీని గింజలు లభించినవి. గుజ్జులో నూటికి 90 పాళ్లకు పైగా నీరే యుండును.

త్ర్యంబక మంత్రమునందలి ఉర్వారుకము ఈ పండేనా యని కొందరు అడుగుదురు. కాదు. ఉర్వారుకమనగా దోస జాతి పండు. ఖర్బూజా వంటి పండ్లు పక్వమైనప్పుడు తొడిమ నుండి తమంత తాము విడివడును. బంధవిముక్తికి ఆ ఉపమానము అందుచేతనే తగియున్నది. పుచ్చపండు పండినను తీగను వదలదు, కోయవలసినదే. కోసిన పిమ్మట దాని తీపి పెరుగదు. పచ్చిగా కోసిన కాయను ఎన్ని దినములు దాచినను ప్రయోజనము లేదు.

నివేదనకు ముందు రుచి చూచుట నిషిద్ధము గదా! కావున పండును కన్నుతో, చేతితో, చెవితోనే పరీక్షింపవలెను. నేలను ఆనియున్న చోట మచ్చ తెల్లగా గాక పసుపువన్నెగా నుండవలెను. పరిమాణమునకు మించిన బరువు తోపవలెను. తట్టినచో గంభీరముగా మ్రోగవలెను. అంగడివారు ముక్క కోసి ఎరుపు చూపిన పండు నివేదనకు తగదు. కోసిన చోట దుమ్ము, ఈగలు చేరుట చేత వితరణకును తగదు.

ఇక వితరణ. పండు నేలపై పెరుగునది. కడుగక కోసినచో పైనున్న మన్ను, మలినము కత్తి వెంట లోనికి పోవును. కావున ముందుగా శుభ్రమైన నీటితో రుద్ది కడుగవలెను. కోసిన ముక్కలను రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. తీవ్రమైన ఎండలో ఒక గంటయే పరిమితి. వేయిమంది వత్తురని ఉదయమే అన్నియు కోసి పెట్టుట కంటె, వచ్చువారిని బట్టి అప్పటికప్పుడు కోయుట మేలు.

మరియొక సంగతి. తొక్కతో ముక్కలు పంచినచో, కొరికి పారవేసిన తొక్కలు ఎంగిలియై దారి పొడవున పడియుండును. తొక్క తీసి, ఎర్రని గుజ్జును మాత్రము దొప్పలలో పెట్టి ఇచ్చినచో తొక్క శుచిగా మిగులును. పండు బరువులో ఇంచుమించు మూడవ వంతు ఇదియే. పైనున్న పచ్చని చెక్కును గోవులకు పెట్టవచ్చును. లోని తెల్లని భాగము అన్నదానశాలకు పనికివచ్చును.

ఈ తెల్లని భాగము సొరకాయ వలె ఉడుకును. ముక్కలుగా తరిగి, కందిపప్పుతో ఉడికించి, చింతపండు పులుసు, పచ్చిమిరపకాయలు, ఉప్పు, పసుపు వేసి, ఆవాలు, జీలకర్ర, ఇంగువతో తిరుగమోత పెట్టినచో చక్కని పప్పు సిద్ధమగును. ముక్కలను నూనెలో మగ్గించి, వేయించిన మినపప్పు, ఎండుమిరపకాయలు, చింతపండు చేర్చి నూరినచో పచ్చడి యగును. కన్నడ దేశమున నానిన బియ్యముతో దీనిని రుబ్బి దోసెలు పోయుదురు. గుజ్జును పిండి, గింజలు వడగట్టి, మిరియాల పొడి, ఏలకుల పొడి, కొంచెము నిమ్మరసము కలిపిన పానీయము బెల్లము లేని పానకము వంటిది. గింజలను కడిగి ఎండబెట్టి వేయించుకొనవచ్చును. వానిలో మాంసకృత్తులు, నూనె సమృద్ధిగా నుండును.

మధుమేహము గలవారు మితముగా భుజింపవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని అడిగిన పిమ్మటనే తినవలెను. దొప్ప అందించువారు ఈ మాటను యాత్రికులకు మృదువుగా తెలుపవలెను.

పండ్లు సమర్పింపదలచిన దాతలు వానితో పాటు దొప్పలు, మూతగల పాత్రలు, చేతులు కడుగుకొనుటకు నీరు కూడ సమకూర్చినచో, పండ్ల సంఖ్య కొంత తగ్గినను దానము సంపూర్ణమగును.