గాలి పటంలో ఖాళీలు

2023 డిసెంబరు 5 మధ్యాహ్నం మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. పల్నాడు జిల్లాలో కృష్ణ ఒడ్డునున్న అమరావతి అక్కడికి తిన్నగా కొలిస్తే సుమారు 75 కిలోమీటర్లే. పత్తి తీతలు సాగుతూ, మిరప తోటలు కాపు మీద ఉండే రోజులవి. గాలి ఎంత, ఎటు నుంచి, ఎప్పుడు అన్నదే రైతుకు కావలసిన కబురు. ఆ కబురులో చాలా భాగం బంగాళాఖాతం మీద కొలిచిన గాలి నుంచి పుడుతుంది. అక్కడ లంగరు వేసి నిలిపిన బోయ్‌లు కొన్నే. మిగతా భారమంతా ఉపగ్రహాలదే.

నిజానికి ఏ ఉపగ్రహమూ సముద్రం మీది గాలిని నేరుగా చూడదు. గాలి తగిలితే నీటి మీద సెంటీమీటర్ల పొడవున్న చిరు తరంగాలు లేస్తాయి. ఉపగ్రహం మీది స్కాటరోమీటర్ అనే పరికరం పైనుంచి రేడియో తరంగాలు పంపి, ఆ గరుకుదనం మీద పడి వెనక్కి వచ్చే శక్తిని కొలుస్తుంది. నీరు ఎంత గరుకైతే గాలి అంత ఎక్కువ. ఒకే చోటును వేర్వేరు కోణాల నుంచి చూస్తే దిశ కూడా తెలుస్తుంది. అయితే ఎదురుగాలికీ వెనుకగాలికీ సంకేతం దాదాపు ఒకేలా ఉండటంతో ఒక్కోసారి నాలుగు దిశలు జవాబుగా వస్తాయి. వాటిలో ఒకదాన్ని పక్క బిందువులను, వాతావరణ నమూనా అంచనాను చూసి ఎంచుకోవాలి. అంటే కొలతలోనే కొంత ఊహ కలిసి ఉంది.

ఇక ఖాళీల సంగతి. ఐరోపా మెట్‌ఆప్ ఉపగ్రహాల మీది యాస్‌క్యాట్ తన దారికి ఇరుపక్కలా 550 కిలోమీటర్ల వెడల్పున చూస్తుంది. సరిగ్గా తన కింద సుమారు 700 కిలోమీటర్ల పట్టీని వదిలేస్తుంది. తుపాను మొత్తం అందులో ఇమిడిపోవచ్చు. మన ఓషన్‌శాట్ పరికరానికి నడుమ అలాంటి ఖాళీ లేదు, కానీ దాని తరంగదైర్ఘ్యం చిన్నది కాబట్టి కుండపోత వాన కొలతను చెడగొడుతుంది. పైగా గాలి మరీ పెరిగితే సంకేతం పెరగడం మందగిస్తుంది. తుపాను కంటి చుట్టూ, ఎక్కడ కొలత అత్యవసరమో అక్కడే పరికరం తడబడుతుంది.

స్థలంలోనే కాదు, కాలంలోనూ ఖాళీలున్నాయి. 2009 సెప్టెంబరు 23న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ14 తీసుకెళ్లిన ఓషన్‌శాట్-2 మీది స్కాటరోమీటర్ 2014 ఫిబ్రవరిలో ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. మన సొంత స్కాటరోమీటర్ మళ్లీ నింగికెక్కింది 2016 సెప్టెంబరు 26న, స్కాట్‌శాట్-1 రూపంలో. 2021లో అదీ మూగబోయింది. ఆ తర్వాతిది 2022 నవంబరు 26న వెళ్లిన ఓషన్‌శాట్-3. ఆ నడుమ గులాబ్, అసని తుపాన్లు మన తీరానికే వచ్చాయి. విదేశీ ఉపగ్రహాలు ఉన్నాయి కాబట్టి పూర్తిగా చీకటి కాలేదు.

వేర్వేరు పరికరాల కొలతలను ఒకే వరుసలో పెట్టాలంటే ఉమ్మడి కొలబద్ద కావాలి. ఇక్కడ అమెరికా క్విక్‌స్కాట్ కథ ముచ్చటైనది. 1999లో వెళ్లిన ఆ ఉపగ్రహం యాంటెనా 2009 నవంబరులో తిరగడం మానేసింది. విశాలంగా చూడలేకపోయినా ఒకే కోణంలో నిక్కచ్చిగా చూస్తూ 2018 దాకా పనిచేసి, మన ఓషన్‌శాట్-2 కొలతలను సరిచూడటానికి ప్రమాణంగా నిలిచింది.

ఖాళీని నింపడానికి ఇరుపక్కల విలువల సగటు తీస్తే చాలదా? గాలి విషయంలో అది దారుణంగా మోసం చేస్తుంది. ఒక చోట గాలి 350 డిగ్రీల నుంచి, పక్కన 10 డిగ్రీల నుంచి వీస్తోందనుకోండి. రెండూ ఉత్తరపు గాలులే. అంకెల సగటు మాత్రం 180 డిగ్రీలు, అంటే దక్షిణపు గాలి! అందుకే గాలిని తూర్పు-పడమర, ఉత్తర-దక్షిణ భాగాలుగా విడదీసి లెక్కిస్తారు. అలా చేసినా తుపాను కంటికి అటు, ఇటు ఎదురెదురు దిశల్లో వీచే గాలుల సగటు సున్నాకు దగ్గరవుతుంది. నడుమనున్న పెనుగాలులు లెక్కలోంచే జారిపోతాయి.

సోవియట్ శాస్త్రవేత్త లెవ్ గాండిన్ 1963లో పుస్తకంగా తెచ్చిన పద్ధతి ఇంతకంటే తెలివైనది. నమూనా అంచనా, ఉపగ్రహ కొలత రెండింటినీ వాటి వాటి నమ్మకాన్ని బట్టి కలపాలంటాడాయన. ఒక చోట అంచనా గంటకు 60 కిలోమీటర్లు, దాని పొరపాటు 10. ఉపగ్రహం 72 అంది, దాని పొరపాటు 5 అనుకుందాం. కలిపితే 69.6 వస్తుంది, పొరపాటు 4.5కు తగ్గుతుంది. ఇప్పుడు పక్కనున్న ఖాళీకి వెళ్దాం. అక్కడ అంచనా 50, పొరపాటు అదే 10. రెండు చోట్ల అంచనా పొరపాట్ల మధ్య సంబంధం 0.5 అయితే ఖాళీలో విలువ 54.8 అవుతుంది. దాని పొరపాటు మాత్రం 8.9. అంకె మారింది, అనుమానం పెద్దగా తగ్గలేదు.

పటంలో రంగు వేసేటప్పుడు 69.6కూ 54.8కూ ఒకే రకం నునుపైన రంగు పడుతుంది. కొలిచిందేదో నింపిందేదో చూసేవాడికి తెలియదు. ఖాళీలు నింపాల్సిందే, ఎందుకంటే చిల్లులున్న పటంతో వాతావరణ నమూనా మొదలుకాదు. కానీ నింపిన ప్రతి విలువకూ దాని పొరపాటును జతచేసి చూపాలని నా పట్టు. శాస్త్రవేత్తల దత్తాంశాల్లో ఈ గుర్తులు చాలావరకు ఉంటాయి. టీవీ తెర దాకా వచ్చేసరికి అవే ముందుగా రాలిపోతాయి.

తుపాను తీరం దాటాక స్కాటరోమీటర్ పని సరి, నేల మీద దానికి చిరు తరంగాలు ఉండవు కదా. ఇన్‌శాట్ బొమ్మల్లో మేఘాల కదలికను బట్టి గాలిని లెక్కగట్టవచ్చు గానీ అది మేఘం ఎత్తులోని గాలి. మచిలీపట్నం డాప్లర్ రాడార్ నుంచి అమరావతి సుమారు 95 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల, కిరణం అర డిగ్రీ ఎత్తి పంపితే ఇక్కడికి చేరేసరికి అది నేలకు కిలోమీటరుకు పైనే ఉంటుంది. అదీగాక డాప్లర్ రాడార్ తన వైపు వచ్చే, తన నుంచి పోయే వేగాన్నే కొలుస్తుంది. మచిలీపట్నానికి అమరావతి వాయవ్యాన ఉంది. తుపాను బాపట్ల దగ్గర ఉన్నప్పుడు ఇక్కడ ఈశాన్యపు గాలి వీస్తుంది. అది కిరణం వెంట కాక ఏటవాలుగా కోస్తుంది. తోటలో మిరప మొక్కలు ఒరిగిపోతున్నా ఆ ఒక్క రాడార్ లెక్కలో వేగం అసలు కంటే బాగా తక్కువగా పడవచ్చు. మరో కోణం నుంచి చూసే రెండో రాడారో, నేల మీద పది మీటర్ల స్తంభానికి బిగించిన గాలి కొలత యంత్రమో ఉంటే తప్ప ఆ ఖాళీ పూడదు.