చిగురు మీద లేచే కణితులు

సికిందరాబాద్ స్టేషను దగ్గరి మా రెజిమెంటల్ బజార్ సందుల్లో మనుషులతో పాటు కుక్కలూ, ఆవులూ తిరుగుతుంటాయి. ఈ మూడింటికీ చిగురు మీదో, దవడ మీదో గడ్డ లేవడం ఉంది. చూడగానే కేన్సరేమోనని హడలిపోతాం. చాలా గడ్డలకు కేన్సర్‌తో సంబంధమే ఉండదు.

చిగురు మీది గడ్డను వైద్యులు 'ఎపులిస్' అంటారు. గ్రీకులో దానికి 'చిగురు మీద ఉన్నది' అనే అర్థం. అది ఎక్కడుందో చెబుతుందే గాని, ఏమిటో చెప్పదు! చిక్కంతా అక్కడే ఉంది.

పళ్ల మొదట్లో గార పేరుకుని చిగురును ఎడతెగక బాధిస్తే, అక్కడి కణజాలం అతిగా పెరిగి బుడిపె కడుతుంది. గర్భిణులకు హార్మోన్లు కూడా తోడై ఎర్రగా, తాకితే నెత్తురు వచ్చే బుడిపె లేవవచ్చు. కాన్పయ్యాక చాలామందిలో అది తగ్గిపోతుంది.

మందుల వల్లా చిగుళ్లు పెరుగుతాయి. మూర్ఛకు ఫెనిటోయిన్ వాడకం 1938లో మొదలైంది. మరుసటి ఏడే ఆ మందు పుచ్చుకునేవారి చిగుళ్లు ఉబ్బుతున్నాయని గమనించారు. అలా ఉబ్బాయని మాత్రలు సొంతంగా మానేస్తే మూర్ఛలు తిరగబెట్టి ప్రాణం మీదికి రావచ్చు. మందు మార్చవలసింది డాక్టరే. పళ్లు శుభ్రంగా తోముకుంటే వాపు కొంత అదుపులో ఉంటుంది.

కుక్కల్లో, ముఖ్యంగా బాక్సర్ జాతిలో, చిగుళ్లు ఇలా పెరగడం ఎక్కువ. వాటికి వచ్చే అకాంథోమేటస్ అమెలోబ్లాస్టోమా అనే కణితి మాత్రం వింతైనది. ఒంట్లో మరోచోటికి పాకదు, కాని తన కిందనున్న దవడ ఎముకను తినేస్తుంది! కొంత ఎముకతో సహా కోసి తీస్తే మళ్లీ రావడం అరుదు. అమెలోబ్లాస్టోమా మనుషులకూ వస్తుంది. రుమేనియాలో దొరికిన టెల్మటోసారస్ అనే డైనోసార్ దవడ శిలాజంలో కూడా అది ఉన్నట్లు 2016లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

ఆవు దవడ రాయిలా ఉబ్బితే అది అసలు కణితే కాకపోవచ్చు. ఆక్టినోమైసిస్ బోవిస్ అనే బాక్టీరియా ఆవు నోట్లోనే కాపురముంటుంది. గరుకు మేత గుచ్చుకున్న గాయం గుండా అది ఎముకలోకి దిగుతుంది. అప్పుడు వచ్చే చీములో గంధకం లాంటి పసుపు రేణువులు కనిపిస్తాయి. పోలిక రంగులోనే సుమా, వాటిలో గంధకం ఉండదు.

మరి ఏది ఏమిటో తెలిసేదెలా? ఎక్స్‌రేలో ఎముక సంగతి తెలుస్తుంది. గడ్డ నుంచి చిన్న ముక్క తీసి, పలుచని పొరలుగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే కణాల తీరు బయటపడుతుంది. కేన్సర్ కూడా మొదట్లో మామూలు బుడిపెలాగే కనిపించవచ్చు. అందుకే మీ ఇంట్లో ఎవరికైనా నోట్లో గడ్డ రెండు వారాలైనా తగ్గకపోతే, సూదితో పొడవనీయకండి, సున్నం రాయనీయకండి. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలలో చూపించమనండి. కుక్కనూ, ఆవునూ పశువుల డాక్టరుకు చూపించాలి.