రెండో లైను ఏం మారుస్తుంది? – హైదరాబాదు ఎం.ఎం.టి.ఎస్. ఉదాహరణగా

2024 మార్చి 5న సనత్‌నగర్ – మౌలాలి మధ్య 22 కిలోమీటర్ల రైలుమార్గం రెండు లైన్లతో, విద్యుదీకరణతో సహా జాతికి అంకితమైంది. ఫిరోజ్‌గూడ, సుచిత్ర సెంటర్, భూదేవినగర్, అమ్ముగూడ, నేరేడ్‌మెట్, మౌలాలి హౌసింగ్ బోర్డు అనే ఆరు కొత్త స్టేషన్లు ఆ దారిలో వెలిశాయి. అంతవరకూ అది సికింద్రాబాదు స్టేషను రద్దీని తప్పించుకొని గూడ్సుబళ్ళు చుట్టుతిరిగి పోయే ఒంటి లైను. ఇంటి వెనకనే పట్టాలున్నా రైలెక్కే యోగం లేని కాలనీలు దాని పొడవునా ఉండేవి. మరి ఉన్న లైను మీదే నాలుగు లోకల్ రైళ్ళు నడిపితే సరిపోయేది కదా, ఇంత ఖర్చుతో పక్కనే మరో లైను దేనికి? ఈ ప్రశ్నకు జవాబు కొంత లెక్కలో ఉంది, కొంత ఆలస్యం పాకే తీరులో ఉంది.

కువైత్‌లోని హవల్లీ వంటి చోట స్థిరపడిన తెలుగువారికి రోజువారీ జీవితంలో రైలుతో పని పడదు. గల్ఫ్ దేశాలను కలిపే రైలు ప్రణాళికలో కువైత్‌కు చోటున్నా, అక్కడ ప్రయాణికుల రైలు ఇంకా రాలేదు. అయితే హవల్లీకీ జాబ్రియాకూ నడుమ సాగే నాలుగో రింగురోడ్డు వారికి బాగా తెలుసు. ఆ రోడ్డును ఒకే ఒక్క వరుసగా కుదించి, రెండు దిక్కుల వాహనాలనూ అందులోంచే వంతులవారీగా వదిలితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పైగా కారు అంచుకు ఒరిగి ఎదుటివాడికి దారి ఇవ్వగలదు. రైలుకు ఆ వీలు కూడా లేదు. స్టేషనులో లూప్‌లైను ఉన్నచోట తప్ప రెండు రైళ్ళు ఒకదాన్నొకటి దాటలేవు.

ఒంటి లైను లెక్క

బొల్లారం – మేడ్చల్ మధ్య దూరం దాదాపు 14 కిలోమీటర్లు. అన్ని చోట్లా ఆగుతూ పోయే రైలుకు ఈ దూరం 20 నిమిషాలు పడుతుందనుకుందాం. నడుమ ఎక్కడా క్రాసింగ్ లేదనీ అనుకుందాం. రైలు అటు చేరాలి. అది పూర్తిగా చేరిందని రూఢి చేసుకొని, ఇరువైపుల స్టేషన్‌మాస్టర్లు లైన్‌క్లియర్ ఇచ్చిపుచ్చుకొని, సిగ్నల్ ఇవ్వాలి. దీనికి 5 నిమిషాలు వేసుకుందాం. తరువాత ఎదురు రైలు ఇటు రావడానికి 20, మళ్ళీ లైన్‌క్లియర్‌కు 5. మొత్తం 50 నిమిషాలు. అంటే ఎంత పెద్ద ఇంజనున్నా, ఎన్ని పెట్టెలున్నా, ఒక దిక్కుకు 50 నిమిషాలకు ఒక్క రైలే.

సరిగ్గా నడిమధ్యలో ఒక క్రాసింగ్ స్టేషను కడితే ఈ లెక్క 10, 5, 10, 5 అవుతుంది. మొత్తం 30 నిమిషాలు. దూరాన్ని సగం చేసినా వ్యవధి సగం కాలేదు, 25కు దిగలేదు. నాలుగు ముక్కలు చేస్తే 20 నిమిషాలు, ఎనిమిది ముక్కలు చేస్తే 15. ఎన్ని క్రాసింగులు కట్టినా 10 నిమిషాల కిందికి దిగే ఆశ లేదు, ఎందుకంటే లైన్‌క్లియర్‌కు పట్టే 5 నిమిషాలు ముక్కతో పాటు తగ్గవు.

శరీరంలో దీనికి దగ్గరి పోలిక ఉంది. శ్వాసనాళం ఒంటి లైను. లోపలికి వెళ్ళే గాలీ బయటికి వచ్చే గాలీ ఒకే గొట్టంలో వంతులవారీగా నడవాలి. పెద్దవారు ఒకసారి పీల్చే సుమారు 500 మిల్లీలీటర్ల గాలిలో దాదాపు 150 మిల్లీలీటర్లు నాళాల్లోనే మిగిలి, ఊపిరితిత్తుల లోతుకు చేరదు. పొట్టి ఊపిరి వేగంగా తీసేకొద్దీ ఈ వృథా భాగం నిష్పత్తి పెరుగుతుంది. ఒంటి లైనులో లైన్‌క్లియర్ సమయం అటువంటిదే. రక్తప్రసరణ తీరు వేరు. వెళ్ళే దారి ధమని, తిరిగివచ్చే దారి సిర. ఎదురుచూపు లేదు గనుక ప్రవాహం ఆగదు. రెండో లైను రైలుమార్గాన్ని ఊపిరి పద్ధతి నుండి రక్తప్రసరణ పద్ధతికి మారుస్తుంది. అప్పుడు ఎదురు రైలు ప్రసక్తే ఉండదు. ముందు రైలుకూ వెనుక రైలుకూ మధ్య ఎంత ఎడం ఉండాలన్నదే ప్రశ్న. సనత్‌నగర్ – మౌలాలి మార్గంలో అమర్చిన ఆటోమేటిక్ సిగ్నళ్ళు ఆ ఎడాన్ని కొద్ది నిమిషాలకు తగ్గిస్తాయి.

ఆలస్యం పాకే తీరు

సామర్థ్యం కన్నా ప్రయాణికుణ్ణి ఎక్కువ బాధించేది ఆలస్యం. ఒంటి లైను మీద ఒక రైలు 10 నిమిషాలు ఆలస్యమైతే, దానితో ఏ తప్పూ లేని ఎదురు రైలు లూప్‌లైనులో 10 నిమిషాలు నిలబడుతుంది. అది తరువాతి క్రాసింగ్‌కు ఆలస్యంగా చేరి మరో రైలును ఆపుతుంది. పొద్దున పుట్టిన జబ్బు సాయంత్రానికి రెండు దిక్కులా అంటుకుంటుంది. జంట లైను మీద ఆలస్యం వెనుక వచ్చేవాటికే సోకుతుంది, ఎదుటి దిక్కుకు పాకదు.

ఒంటి లైనులో మరో అన్యాయం దాగి ఉంది. పొద్దున నగరానికి పోయే రైళ్ళకు ప్రాధాన్యమిస్తే, అదే వేళ నగరం నుండి శివారు ఫ్యాక్టరీలకూ కళాశాలలకూ పోయేవారికి రైలు దక్కదు. న్యూయార్కు సమీపంలోని లాంగ్ ఐలండ్ రైల్‌రోడ్ 2018లో ఫార్మింగ్‌డేల్ – రాంకాంకమా మధ్య రెండో లైను పూర్తిచేసినప్పుడు చెప్పిన కారణాల్లో ఈ ఎదురు దిక్కు ప్రయాణం ఒకటి. షికాగో దిక్కున సౌత్ షోర్ లైను కూడా 2024లో గేరీ – మిషిగన్ సిటీ మధ్య జంట లైనుకు మారింది. అంతవరకూ మిషిగన్ సిటీలో ఆ రైలు వీధి నడుమ కార్లతో కలిసి నడిచేది.

పట్టా పరచడం తేలిక

కొత్త లైను మధ్యరేఖ పాతదాని మధ్యరేఖకు కనీసం 5.3 మీటర్ల దూరంలో ఉండాలన్నది భారతీయ రైల్వేల నియమం. కాగితం మీద ఇది చిన్న దూరమే. నేల మీద ప్రతి కల్వర్టుకూ ప్రతి వంతెనకూ జోడీ కట్టాలి, లెవెల్ క్రాసింగులను వెడల్పు చేయాలి లేదా వాటి బదులు అండర్‌పాస్‌లు తవ్వాలి, స్టేషన్లలో పాయింట్లూ సిగ్నళ్ళూ కొత్తగా అల్లాలి. ఇదంతా పక్క లైను మీద రైళ్ళు నడుస్తుండగానే జరగాలి. చివర రైల్వే భద్రతా కమిషనర్ తనిఖీచేసి ఒప్పుకోవాలి.

భూమి, డబ్బు అంతకంటే గడ్డు సమస్యలు. ఎం.ఎం.టి.ఎస్. మొదటి దశ 2003 ఆగస్టు 9న ప్రారంభమైంది. రెండో దశకు 2012–13లో దాదాపు 816 కోట్ల రూపాయల అంచనాతో అనుమతి వచ్చింది. అందులో మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. రాష్ట్ర వాటా చెల్లింపు ఒకవైపు, దారిలోని రక్షణశాఖ భూముల అనుమతి మరొకవైపు ఏళ్ళ తరబడి పనిని వెనక్కి లాగాయి. మేడ్చల్, ఉందానగర్ దిక్కుల కొత్త సర్వీసులకు 2023 ఏప్రిల్ 8న పచ్చజెండా ఊపారు. 85 కిలోమీటర్ల సికింద్రాబాదు – మహబూబ్‌నగర్ జంట లైను కూడా అదే రోజున, సుమారు 1,410 కోట్ల ఖర్చుతో, జాతికి అంకితమైంది.

లైను వేరు, సర్వీసు వేరు

రెండో లైను సర్వరోగనివారిణి కాదు. 2019 నవంబరు 11న కాచిగూడ స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. రైలూ హంద్రీ ఎక్స్‌ప్రెస్సూ ఎదురెదురుగా ఢీకొన్నాయి, గాయపడిన ఎం.ఎం.టి.ఎస్. డ్రైవరు తరువాత మరణించాడు. జంట లైనున్నా స్టేషన్లలో దారులు ఒకదాన్నొకటి కోస్తూనే ఉంటాయి. అక్కడ కాపాడేది సిగ్నలూ, దాన్ని పాటించడమూ.

మరో పరిమితి ఏమంటే ఈ లైన్లు లోకల్ రైళ్ళ సొంతం కావు. ప్రతి స్టేషనులో ఆగే లోకల్ వెనుక ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ వస్తే, రెండింటి వేగాల తేడా సామర్థ్యాన్ని మింగేస్తుంది. ఎక్స్‌ప్రెస్ కోసం లోకల్‌ను పక్కన నిలపడం పరిపాటి. మౌలాలి – ఘట్‌కేసర్ మధ్య మరో రెండు లైన్లు కలిపి నాలుగు చేయడానికి కారణమిదే.

అన్నిటికన్నా ముఖ్యమైనది వ్యవధి. రైలు కోసం నిరీక్షణ సగటున రెండు రైళ్ళ మధ్య వ్యవధిలో సగం. పది నిమిషాలకొక రైలుంటే ఎవరూ టైమ్‌టేబుల్ చూడరు. రెండు గంటలకొకటి ఉంటే ఆ రైలు ఉన్నట్టే లెక్కకు రాదు. 2023లో రెండు దిక్కులకూ కలిపి మొదలైన కొత్త సర్వీసులు 13. జంట లైను మోయగల బరువుతో పోలిస్తే ఇది స్వల్పం. శంషాబాదు విమానాశ్రయానికి అతి దగ్గరి రైల్వేస్టేషను ఉందానగర్. విమానాశ్రయం దాకా లైను పొడిగించాలన్న ఆలోచన ఆచరణకు రాలేదు. కువైత్ నుండి దిగిన ప్రయాణికుడు రెండు పెట్టెలతో ఆ నాలుగైదు మైళ్ళూ దాటి ఉందానగర్ చేరాలంటే, అక్కడ రైలు త్వరలోనే వస్తుందన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం లేనివాడు టాక్సీ ఎక్కుతాడు.

ప్రజాధనంతో పరచిన రెండో లైనుకు సార్థకత ప్రారంభోత్సవంతో రాదు. రైళ్ళు, సిబ్బంది, మారని వేళలు అనే మూడింటి మీద ఏటేటా పెట్టవలసిన ఖర్చును ఎవరు భరిస్తారో రైల్వే, రాష్ట్రం కలిసి తేల్చుకోవాలి. లేకుంటే సుచిత్ర సెంటర్, నేరేడ్‌మెట్ వాసులకు ఇంటి వెనక ఒక లైను బదులు రెండు కనిపిస్తాయి, అంతే.