ట్రాక్టర్‌కి ఏ టైరు? చక్రాల మధ్య ఎంత దూరం? మిర్చి, పత్తి, పోడు భూముల్లో ఈ లెక్క తప్పితే ఇబ్బందే..

ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో నేల నాలుగైదు సార్లు మారిపోతుంది. పాలేరు, వైరా కాలువల కింద వరి మడులు. ఆ పక్కనే నల్లరేగడిలో మిర్చి, పత్తి. కొంచెం ముందుకెళ్తే ఎర్ర చెలకలు. అశ్వారావుపేట, దమ్మపేట వైపు ఆయిల్‌పామ్ తోటలు. ములకలపల్లి, గుండాల వైపు వాలు మీద పోడు భూములు, చివరికి బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్లలో గోదావరి ఒండ్రు. నేల ఇన్ని రకాలున్నా ట్రాక్టర్ మాత్రం షోరూమ్ నుంచి ఒకే రకం టైర్లతో, ఒకే వెడల్పులో బయటికొస్తుంది. చాలామంది టైరు అరిగే దాకా దాన్ని అలాగే నడిపేస్తారు.

కొత్త టైర్లు వేయించాలనుకునే వాళ్లకి ఈ మధ్య ఒక వెసులుబాటు వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ టైర్లు, ట్యూబుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంటే పన్ను లేకుండా 100 రూపాయలున్న సరుకు అప్పట్లో 118 పడితే ఇప్పుడు 105. బిల్లు మీద పన్ను ఎంత వేశారో చూసుకోండి. డబ్బు మిగిలింది కదా అని పెద్ద సైజు వైపు మొగ్గే ముందు మాత్రం ఈ లెక్కలు ఒకసారి చూడాలి.

టైరు మీద నంబర్లు ఏం చెప్తున్నాయి?

వెనక టైరు మీద 13.6-28 అని ఉంటే మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం. రెండూ అంగుళాల్లోనే. మామూలుగా 35 నుంచి 45 హెచ్‌పీ ట్రాక్టర్లకు 13.6-28, ఆ పైన 14.9-28, 50 దాటితే 16.9-28 వస్తుంటాయి. రేడియల్ టైర్ల మీద ఇదే సైజు వేరేలా కనిపిస్తుంది. 420/85 ఆర్ 28 అంటే మన 16.9-28కి దగ్గరి జోడీ అన్నమాట. పక్కనే ఉండే ‘పీఆర్’ అంకె టైరు ఎంత బరువు మోయగలదో చెప్పేది. ఇక చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 1424 అని ఉంటే 2024లో 14వ వారంలో తయారైందని అర్థం. షాపులో ఎండకు పడి ఉన్న పాత సరుకుని కొత్త ధరకి కొనకుండా ఉండాలంటే ముందు చూడాల్సింది ఈ నాలుగు అంకెలే.

సైజు తర్వాత గ్రిప్పు. టైరు మీద ఏటవాలుగా ఉండే రబ్బరు కడ్డీలనే లగ్స్ అంటారు. ఆర్-1 రకం మెట్ట పొలానికి, రోడ్డుకి రెండింటికీ సరిపోయేది. ఆర్-2లో లగ్స్ లోతు దాదాపు రెట్టింపు. నీళ్లు నిలిచే వరి మడికి ఇది బాగుంటుంది, కానీ తారు రోడ్డు మీద ఇసుకో, ఇటుకో, మిర్చి బస్తాలో తోలితే త్వరగా అరిగిపోతుంది. మన దగ్గర చాలా ట్రాక్టర్లు ఏడాదిలో సగం రోజులు ట్రాలీతోనే తిరుగుతాయి. అలాంటి బండికి ఆర్-1 వేసుకుని, దమ్ము సమయంలో కేజ్ వీల్స్ తగిలించుకోవడమే మేలు.

అసలు గాలి టైర్లు రాకముందు ట్రాక్టర్లన్నీ ఇనుప చక్రాలతోనే నడిచేవి. 1932లో అమెరికాలో అల్లిస్-ఛామర్స్ కంపెనీ ట్రాక్టర్‌కి గాలి టైర్లు వేసి అమ్మకానికి తెచ్చాక రబ్బరు కాలం మొదలైంది. బురదలో మాత్రం మనం ఇప్పటికీ ఇనుమునే నమ్ముకున్నాం. అది మడిలో ఉన్నంత వరకు ఓకే. కేజ్ వీల్స్‌తోనే తారు రోడ్డు ఎక్కితే రోడ్డు గీరుకుపోతుంది. ఏటా నాట్ల టైంలో అధికారులు హెచ్చరించడం, కేసులు పెట్టడం, బండ్లు పట్టుకోవడం చూస్తూనే ఉన్నాం. ఊడదీసి ట్రాలీలో వేసుకెళ్లడం కాస్త శ్రమే, కానీ స్టేషన్ చుట్టూ తిరగడం కన్నా తేలికే.

అడవి అంచు పొలాల్లో అసలు శత్రువు మోళ్లు

భద్రాచలం వైపు రైతులకు పంక్చర్ ఖర్చు ఎక్కువ. సారపాక పేపర్ మిల్లు ఉండటంతో చుట్టుపక్కల జామాయిల్, సుబాబుల్ తోటలు బాగా వేశారు. నరికేశాక నేలలో మోళ్లు మిగిలిపోతాయి. ఆకు సీజన్‌కి ముందు తునికి చెట్లకు కొమ్మ కొట్టడం వల్ల కూడా వాడి మొనలు తేలుతాయి. వెదురు మోడు, పీకేసిన పత్తి కట్టె మొదలు ఎలాగూ ఉండనే ఉన్నాయి. ఇవి టైరు అడుగున కన్నా పక్క గోడకే ఎక్కువ గుచ్చుకుంటాయి. పక్క గోడ చిరిగితే ప్యాచ్ వేసినా ఎక్కువ కాలం నిలవదు.

అందుకే ఇక్కడ రేడియల్ కన్నా మామూలు నైలాన్ టైరే నయం అనిపిస్తుంది. రేడియల్‌కి లాభాలు లేవని కాదు. నేలకు ఎక్కువ మేర ఆనుతుంది, లాగుడు బాగుంటుంది, నేల తక్కువ గట్టిపడుతుంది. వైరా ఆయకట్టులో, రేగడి చేలల్లో అది పనికొచ్చేదే. కానీ దాని పక్క గోడ మెత్తగా ఉంటుంది. మోళ్లున్న చోట దాన్ని పరీక్షకు పెట్టడం దండగ. ఎంఆర్ఎఫ్, అపోలో, సీయట్, బీకేటీ, గుడ్‌ఇయర్.. బ్రాండ్ ఏదైనా ఈ తేడా వర్తిస్తుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్నవాళ్లకి ఇంకో జాగ్రత్త. ముందు, వెనక టైర్ల చుట్టుకొలతకి గేర్ల లెక్కతో ముడి ఉంటుంది. వెనక ఒక్కటే పెద్ద సైజు వేస్తే ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. గట్టి నేల మీద ఆ భారం గేర్‌బాక్స్ మీద పడుతుంది. మారిస్తే కంపెనీ పుస్తకంలో ఇచ్చిన జోడీనే మార్చాలి.

సాలు లెక్క.. అంగుళాల్లోనే పంట

ఇప్పుడు చక్రాల మధ్య దూరం. ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. కొలవడం సులువు. ఎడమ టైరు బయటి అంచు నుంచి కుడి టైరు లోపలి అంచు దాకా టేపు పెడితే, రెండు టైర్ల మధ్య గీతల దూరం అదే వచ్చేస్తుంది.

పైపాటు చేసేటప్పుడు రెండు చక్రాలూ సాళ్ల మధ్య ఖాళీలోనే నడవాలి. అంటే చక్రాల దూరం సాలు దూరానికి సరిగ్గా రెట్టింపో, మూడు రెట్లో ఉండాలి. మిర్చి 24 అంగుళాల అచ్చు అయితే 48. 28 అయితే 56, 30 అయితే 60. పత్తి మూడు అడుగుల సాలు అంటే 36, దానికి 72 పెట్టాలి.

లెక్క తప్పితే ఏమవుతుంది? 24 అంగుళాల మిర్చి సాళ్లలో 13.6 టైరు వెళ్తే రెండు పక్కలా ఐదేసి అంగుళాల ఖాళీ ఉంటుంది. అదే చోట 16.9 టైరు వేస్తే పక్కకి మిగిలేది మూడున్నర అంగుళాలు. డ్రైవర్ చెయ్యి కాస్త వంకరపోతే వేరు తెగినట్టే. ఇక మూడు అడుగుల పత్తిలో 72కి బదులు షోరూమ్ నుంచి వచ్చిన 52 అంగుళాల వెడల్పుతోనే వెళ్తే టైరుకి, మొక్క మొదలుకి మధ్య అంగుళం చిల్లర మాత్రమే ఉంటుంది. అక్కడ పడిన మొక్కలకి కూలీ ఖర్చు, విత్తనం ఖర్చు, ఎరువు అన్నీ అప్పటికే పెట్టి ఉంటారు. పెద్ద ట్రాక్టర్‌తో ఈ పని మొక్క చిన్నగా ఉన్నప్పుడే కుదురుతుంది. మొక్క ఎదిగి ఇరుసుకి తగిలే దశ వచ్చాక సన్న టైర్ల మినీ ట్రాక్టరో, ఎద్దుల గుంటకో దిక్కు.

రోటవేటర్‌తో కూడా ఇదే పేచీ. 48 దగ్గర 13.6 టైర్ల బయటి వెడల్పు దాదాపు ఐదు అడుగులు. ఐదు అడుగుల రోటవేటర్ ఆ జాడని దాదాపుగా చెరిపేస్తుంది. చక్రాలు 60కి జరిపితే బయటి వెడల్పు ఆరు అడుగులు దాటుతుంది. అదే ఐదు అడుగుల రోటవేటర్ వెనక రెండు పక్కలా టైరు తొక్కిన గట్టి చార మిగిలిపోతుంది. కిరాయికి తిరిగే బండ్లు అన్ని పొలాలకి ఒకే సెట్టింగ్‌తో వెళ్లడానికి కారణం ఒక్కటే, మార్చడానికి పట్టే సమయం. అందుకే ఊళ్లో ఎక్కువగా ఏ అచ్చు పెడతారో చూసుకుని సీజన్‌కి ఒకసారి మార్చుకోవడం ఆచరణలో కుదిరే పని.

వాలు మీద ప్రాణాల లెక్క

పోడు భూముల్లో వెడల్పు అంటే పంట గురించి మాత్రమే కాదు. ట్రాక్టర్ బరువు కేంద్రం నేలకు 30 అంగుళాల ఎత్తులో ఉందనుకుందాం. చక్రాలు 48 దగ్గరుంటే, కాగితం మీద లెక్క ప్రకారం బండి పక్కకి దాదాపు 39 డిగ్రీలు వాలినప్పుడు పడుతుంది. 60 దగ్గరుంటే 45 డిగ్రీలు. చాలానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఇది గట్టి నేల మీద కదలకుండా నిలబడిన బండి లెక్క. ముందు ఇరుసు మధ్యలో పిన్ను మీద ఊగుతుంది కాబట్టి అసలు హద్దు ఇంకా తక్కువ. 48 దగ్గర పైవైపు చక్రం 8 అంగుళాల మొద్దు ఎక్కితే మరో పది డిగ్రీలు ఒక్కసారిగా కలుస్తాయి. కిందివైపు చక్రం అదే క్షణంలో గుంతలో దిగితే, లేదా డ్రైవర్ కిందికి తిప్పకుండా పైకి తిప్పితే, దూకడానికి కూడా టైం ఉండదు. వాలు మీద పని ఉన్న బండికి చక్రాలు వెడల్పు చేయడం, టైర్లలో నీళ్లు నింపి బరువు కిందికి దించడం, నెమ్మదిగా నడపడం తప్పనిసరి.

మొద్దులు పీకేటప్పుడు గొలుసుని కింద ఉన్న డ్రాబార్‌కే కట్టాలి. పైన టాప్‌లింక్‌కో, ఇరుసు పైభాగానికో కడితే మొద్దు కదలదు, ముందు చక్రాలు లేచి బండే వెనక్కి డ్రైవర్ మీదికి తిరగబడుతుంది. ఇక మిర్చి కోతల సీజన్‌లో కూలీలను ట్రాలీల్లో కుక్కి తీసుకెళ్లడం ఈ సరిహద్దులో రోజూ కనిపించేదే. ట్రాలీ సరుకు కోసం, మనుషుల కోసం కాదు. చట్టం కూడా ఒప్పుకోదు.

గాలి, నీళ్లు, సుద్దముక్క

పొలంలో టైరు గాలి తక్కువ ఉండాలి, రోడ్డు మీద ఎక్కువ. వెనక టైర్లకు పొలంలో 12 పీఎస్ఐ ప్రాంతంలో చాలా కంపెనీలు చెప్తాయి, ట్రాలీ తగిలిస్తే పెంచమంటాయి. కచ్చితమైన అంకె మీ బండి పుస్తకంలోనే ఉంటుంది. ఉదయాన్నే టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

నీళ్లు నింపేటప్పుడు వాల్వు పైకి వచ్చేలా చక్రాన్ని తిప్పి, ముప్పావు వంతు దాకానే నింపాలి. మిగతా పావు గాలికే వదలాలి. బరువు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మిషన్ అక్కర్లేదు. టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, కల్టివేటర్ దింపి దున్నుతూ చక్రం పది చుట్లు తిరిగే దూరం గుర్తు పెట్టండి. కల్టివేటర్ లేపి అదే దూరం మళ్లీ నడపండి. ఎనిమిదిన్నర చుట్లలో వెళ్లిపోతే స్లిప్ 15 శాతం, ఫర్వాలేదు. ఏడున్నరకే వస్తే 25 శాతం డీజిల్, రబ్బరు మట్టిలో కలిసిపోతున్నట్టు. బరువు పెంచాలి లేదా లోతు తగ్గించాలి. తొమ్మిదిన్నర వస్తే అనవసరంగా బరువు మోస్తున్నారని అర్థం.

మార్చేటప్పుడు ఈ ఒక్కటి మరవొద్దు

చాలా మోడళ్లలో డిస్కుని, రిమ్ముని తిప్పి బిగించి వెనక చక్రాల దూరాన్ని నాలుగేసి అంగుళాల చొప్పున మార్చుకోవచ్చు. చక్రం మొత్తాన్ని అదే పక్క తిప్పి పెడితే టైరు మీదున్న బాణం గుర్తు తలకిందులవుతుంది. అప్పుడు గ్రిప్పు మట్టిని బయటికి నెట్టదు, లోపలికి కూరుకుంటుంది. అందుకే ఎడమ చక్రాన్ని కుడికి, కుడి చక్రాన్ని ఎడమకి మార్చాలి. వెనక నిలబడి చూస్తే లగ్స్ మొనలు ఆకాశం వైపు చూపిస్తుంటే సరిగ్గా పెట్టినట్టే.

నీళ్లున్న టైరు మీద పడితే మనిషి లేవలేడు. ముందు నీళ్లు తీసేయాలి. సమతల నేల మీద, ముందు చక్రాలకి రాళ్లు పెట్టి, జాకీతో పాటు ఇరుసు కింద గట్టి చెక్క దిమ్మెలు కూడా పెట్టాకే బోల్టులు విప్పాలి. ముందు చక్రాలను కూడా వెనక చక్రాల బాటలోకి వచ్చేలా జరిపి, టై రాడ్ రెండు పక్కలా సమానంగా సర్దాలి. లేకపోతే ముందు టైర్లు ఒక పక్కే అరుగుతాయి. కొత్త సెట్టింగ్‌తో రెండు మూడు గంటలు నడిపాక బండి ఆపి, బోల్టులన్నీ ఇంకోసారి బిగించండి.