నకలులో ఈగ

ఒక గుమాస్తాకు పాత కాగితం ఇచ్చి నకలు రాయమన్నారట. ఆ కాగితం మధ్యలో ఎప్పుడో చచ్చిన ఈగ ఒకటి అతుక్కుని ఉంది. గుమాస్తా నానా తంటాలు పడి ఓ ఈగను పట్టి, చంపి, తన నకలులోనూ సరిగ్గా అదే చోట అంటించాడట. ‘మక్కికి మక్కి’ అనే మాట వెనక చెప్పే కథ ఇది. పాడైపోతున్న హార్డ్ డిస్కు తీసేసి కొత్తది వేయించుకున్నాక కూడా కంప్యూటర్లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ మాటిమాటికీ మూతపడుతుంటే, మొదట అనుమానించవలసింది ఈ ఈగనే.

మా ఇంటి కంప్యూటరు విషయంలో జరిగింది ఇదే. పాత డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేసేది. ఫోల్డరు తెరవడానికి అర నిమిషం తీసుకునేది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే ‘స్మార్ట్’ నివేదికలో 197వ అంశం, అంటే చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క, రోజురోజుకూ పెరుగుతూ పోయింది. షాపులో కొత్త డిస్కు కొని, పాతదాన్ని దాని మీదికి క్లోన్ చేయించాను. విండోస్ చకచకా తెరుచుకుంది. సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఫైలు మీద రైట్‌క్లిక్ చేస్తే చాలు, తెరిచి ఉన్న ఫోల్డర్లన్నీ మాయం. కింది టాస్క్‌బార్ కూడా మాయమై, రెండు మూడు క్షణాల తరువాత అదొక్కటే తిరిగి వచ్చేది. కొత్త డిస్కును పరీక్షిస్తే ఏ లోపమూ లేదు.

డిస్కులో లోపం లేదన్నది నిజమే. ఆ నిజం ఎంతవరకో తెలియాలంటే డిస్కు పని తీరు కొంచెం చూడాలి. డిస్కు సమాచారాన్ని 512 లేదా 4,096 బైట్ల ముక్కలుగా రాస్తుంది. ఈ ముక్కే సెక్టారు. ప్రతి సెక్టారుకూ తోకగా దోషసవరణ సంకేతం ఒకటి చేరుస్తుంది. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే గణితవేత్తలు ప్రతిపాదించిన సంకేతాలు డిస్కులలో ఏళ్ళ తరబడి ఈ కాపలా కాశాయి. చదివేటప్పుడు కొన్ని బిట్లు తారుమారైతే, ఈ తోక సాయంతో డిస్కే వాటిని దిద్దుకుంటుంది. అయస్కాంత పూత దిద్దుకోలేనంతగా దెబ్బతింటే ‘చదవలేను’ అని ఒప్పుకుంటుంది. నోటికొచ్చింది చెప్పదు. యంత్రాలలో ఇంతటి నిజాయతీ అరుదు.

చిక్కు వచ్చేది క్లోనింగ్ దగ్గర. చదవలేని సెక్టారు ఎదురైనప్పుడు చాలా సాధనాలు దాన్ని దాటేసి, కొత్త డిస్కులో ఆ చోటును సున్నాలతో వదిలేస్తాయి. ఫైలు పేరు, పరిమాణం, తేదీ అన్నీ అలాగే ఉంటాయి. మధ్యలో ఒక ముక్క మాత్రం శూన్యం. కొత్త డిస్కు ఆ సున్నాలకు కూడా శ్రద్ధగా కొత్త తోక లెక్కగట్టి భద్రపరుస్తుంది. ఇకనుంచి ఎన్నిసార్లు అడిగినా అది తడుముకోకుండా ఆ సున్నాలనే ఇస్తుంది. నాకు ఇచ్చింది ఇదే అని డిస్కు పూచీ పడగలదు గానీ, ఇచ్చింది సరైనదే అని పూచీ పడలేదు. పాత డిస్కు కనీసం మూలిగేది. కొత్తదాంట్లో ఆ మూలుగు కూడా వినబడదు.

ఇన్ని ప్రోగ్రాములుండగా ఎక్స్‌ప్లోరరే ఎందుకు కూలుతుంది? అది ఒంటరిగా పనిచేయదు కనుక. రైట్‌క్లిక్ మెనూలో కుదింపు సాధనం, యాంటీవైరస్, క్లౌడ్ నిల్వ వగైరాలు తమ తమ వరుసలు చేరుస్తాయి కదా. వాటి కోడ్ ఉండే డీఎల్ఎల్ ఫైళ్ళను ఎక్స్‌ప్లోరర్ తన ప్రక్రియలోకే తెచ్చుకుంటుంది. వీటిని షెల్ ఎక్స్‌టెన్షన్లు అంటారు. వాటిలో ఒక్కటి తప్పటడుగు వేసినా మొత్తం ఎక్స్‌ప్లోరర్ కూలుతుంది. టాస్క్‌బార్ కూడా అదే ప్రక్రియలో భాగం కాబట్టి దానితోపాటే పోతుంది.

విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచి, ‘అప్లికేషన్’ చిట్టాలో ఎర్ర గుర్తున్న వరుసలు చూశాను. ప్రతిసారీ ‘ఫాల్టింగ్ మాడ్యూల్’ దగ్గర ఒకటే పేరు: ఎప్పుడో వేసుకుని మరచిపోయిన ఒక ఉపకరణపు డీఎల్ఎల్. ఆ ఫైలును బైట్లవారీగా చూపించే సాధనంలో తెరిస్తే, మధ్యలో సరిగ్గా 4,096 సున్నాలు వరుసగా ఉన్నాయి. మొదలు కూడా 4,096తో నిశ్శేషంగా భాగింపబడే స్థానంలోనే. ప్రోగ్రాము రాసినవారి పొరపాటు ఇంత కొలిచినట్టుగా ఉండదు. ఇది సెక్టారు ఆనవాలు.

సున్నాలంటే ఖాళీయే కదా, ప్రమాదమేమిటని అనిపించవచ్చు. మన కంప్యూటర్లలో వాడే ఎక్స్86 ప్రాసెసరుకు రెండు సున్నా బైట్లు కలిస్తే అది చెల్లుబాటయ్యే ఆదేశం: ఒక రిజిస్టరు (ప్రాసెసరు లోపలి చిన్న అర) చూపే చిరునామాకు వెళ్ళి అక్కడి అంకెకు ఇంకొకటి కలుపు అని అర్థం. ఆ క్షణంలో రిజిస్టరులో ఏ చిరునామా ఉందో ఎవరు చూశారు? దాంతో ప్రోగ్రాము తనది కాని జ్ఞాపక స్థానంలో చెయ్యి పెట్టబోతుంది. విండోస్ వెంటనే ఆ ప్రక్రియను ఆపేస్తుంది. చిట్టాలో సున్నాల వరుస తరువాత 5తో ముగిసే దోషపు కోడ్ కనబడేది అందుకే. అదే కోడ్ 6తో ముగిస్తే కథ వేరు. ప్రోగ్రామును డిస్కునుంచి తెచ్చుకోవడమే కుదరలేదన్నమాట. అప్పుడు స్మార్ట్ నివేదికలో 199వ అంశం చూడాలి. అది పెరుగుతుంటే డిస్కు మార్చేటప్పుడు సాటా కేబుల్ సరిగా కూర్చోలేదేమో, లేదా కేబులే పాడైందేమో.

ఇక మందులు. చాలామంది ముందుగా విండోస్‌లోని చెక్‌డిస్క్ సాధనాన్ని నడుపుతారు. నడపాలి కూడా, కానీ దాన్ని అతిగా నమ్మకూడదు. అది సరిచూసేది ప్రధానంగా ఫైళ్ళ పట్టికను. విండోస్ ఫైళ్ళను డిస్కులో అమర్చే పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ మీ ఫైళ్ళ లోపలి సమాచారానికి సరిచూపు సంఖ్య దాచుకోదు, కాబట్టి ఫోటో మధ్యలో సున్నాలున్నా చెక్‌డిస్క్‌కు తప్పు కనబడదు. ఇలాంటి సంఖ్యను ప్రతి ముక్కకూ దాచే జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వంటి పద్ధతులున్నాయి గానీ అవి సగటు ఇంటి కంప్యూటరు దాకా రాలేదు. విండోస్ సొంత ఫైళ్ళకు మాత్రం ఆ సౌకర్యం ఉంది. డిస్మ్ ఆదేశం అసలు ప్రతుల గోదామును బాగుచేస్తుంది; ఆ తరువాత ఎస్‌ఎఫ్‌సీ ఆ ప్రతులతో పోల్చి చెడిన ఫైళ్ళను మారుస్తుంది. ఈ వరుస తప్పితే చెడిన గోదాములోని చెడిన ప్రతితోనే పోల్చుకునే ప్రమాదం ఉంది.

నా డీఎల్ఎల్ విండోస్‌ది కాదు గనుక వీటిలో ఏదీ పనిచేయలేదు. ఆ ఉపకరణాన్ని తీసేసి మళ్ళీ వేశాను. అంతే, జబ్బు పోయింది. చిట్టాలో దోషి పేరు తేలకపోతే సగం సగం పద్ధతి ఉంది: ఎక్స్‌టెన్షన్లలో సగం ఆపి చూడటం, కూలితే మిగిలిన సగంలో వెతకడం. దోషి ఒక్కటే అయితే 32 ఎక్స్‌టెన్షన్లున్నా ఐదు విడతల్లో దొరుకుతుంది. విండోస్ మళ్ళీ మొదటినుంచి వేసుకోమని ముందే సలహా ఇచ్చేవారికి ఈ అరగంట ఓపిక ఉండదు.

అయితే ప్రోగ్రామును తిరిగి తెచ్చుకోవచ్చు గానీ సొంత ఫైళ్ళను అంత సులువుగా తిరిగి తెచ్చుకోలేము. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. 4,096 బైట్లు పోయాయంటే మామూలు పాఠ్యంలో దాదాపు 1,365 గుర్తులు పోయినట్టే. అవి ఏ ఉత్తరంలోవో తెరిచి చదివేదాకా తెలియదు. డీడీరెస్క్యూ వంటి సాధనాలు చదవలేని సెక్టార్ల పటం రాసిపెట్టి, వాటినే మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తాయి. మొదటి విడతలో మొండికేసినవి తరువాతి విడతల్లో పలికిన సందర్భాలు ఉన్నాయి. అందుకే క్లోన్ చేయించేటప్పుడు ఎన్ని సెక్టార్లు దాటవేశారో షాపులో అడిగి రాయించుకోండి. పాత డిస్కును ఫార్మాట్ చేయకండి, మార్పిడికి ఇవ్వకండి. పోయిన ఆ ముక్కలు ఇంకా ఎక్కడైనా ఉన్నాయంటే దానిలోనే ఉన్నాయి.